తీపికీ ఒక తిథి

పండగనాడు మాత్రమే వండుకున్న వరన్నం మూడు పూటలా పళ్లెంలోకి వచ్చేసింది. రోజూ తిన్న జొన్నరొట్టె డాక్టరు చెబితే తప్ప గుర్తుకు రావడం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో పళ్లెం ఎట్లా తిరగబడింది? దాన్ని మళ్లీ ఎట్లా సరిచేసుకోవచ్చు?

పొద్దున ఆరున్నర. ఆదోనిలో ఏ కూడలిలో నిలబడినా ఒక బండి కనబడుతుంది. గంప నిండా బొరుగులు, పక్కన బకెట్లో నీళ్లు. బండాయన బొరుగుల్ని నీళ్లలో ముంచుతాడు, రెండు చేతులా గట్టిగా పిండుతాడు, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా పసుపూ వేగిన తిరగమోతలో వేసి కలుపుతాడు. పైన ఇంత పుట్నాల పొడి, కొత్తిమీర, నిమ్మరసం. అదే ఉగ్గాని. మా దిక్కు నోళ్లలో ఒగ్గాని. పక్క పొయ్యి మీద బాణలిలో మిరపకాయ బజ్జీలు తేలుతుంటాయి. ఉగ్గాని ఒక్కటే అడిగితే బండాయన మొగం వింతగా పెడతాడు. ఇక్కడ ఆ రెండూ మొగుడూ పెళ్లాం లాంటివి.

బండి చుట్టూ నలుగురు నిలబడి తింటున్నారు. ఒకరు మార్కెట్ యార్డులో పత్తి మోసే హమాలీ. ఒకరు రాత్రే పత్తి తోలుకొచ్చి బండి మీదే నిద్రపోయి లేచిన రైతు. ఒకరు దుకాణంలో లెక్కలు రాసే గుమస్తా. నాలుగోవాడు ట్యూషన్‌కు పోతూ ఆగిన పిల్లోడు. నలుగురి చేతిలోనూ అదే కాగితం ప్లేటు, అవే రెండు బజ్జీలు.

ప్లేటు ఒకటే. దాన్ని తిన్నాక చేసే పని మాత్రం నలుగురిదీ నాలుగు రకాలు. ఆరోగ్యంగా తినడం గురించి ఈ ఊళ్లలో ఏం మాట్లాడాలన్నా ఇక్కడి నుంచే మొదలు పెట్టాలి.

ఒకే ప్లేటు, నాలుగు ఒళ్లు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు సుమారు 2,110 కేలరీలు చాలు. ఒళ్లు వంచి బరువు పని చేసేవాడికి 3,470 కావాలి. ఆడవాళ్లలో కూర్చుని పని చేసేవారికి 1,660, బరువు పనికి పోయేవారికి 2,720. అంటే హమాలీకి అవసరమైన తిండికీ గుమస్తాకు అవసరమైన తిండికీ మధ్య తేడాయే ఒక పూట భోజనం, దాని మీద ఇంకొంచెం.

ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి అంటారు. ఆ మాట పుట్టించినాయన ఎప్పుడూ మే నెల ఎండలో బోరెం మోసి ఉండడు. హమాలీకి బజ్జీ విలాసం కాదు, మధ్యాహ్నం దాకా లాగే బలం. అదే బజ్జీ గుమస్తా ఒంట్లో సాయంత్రానికి పొట్ట చుట్టూ చేరుతుంది. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరికి అన్యాయమే.

ఇక ప్లేటులో దోషి ఎవరు? ఉగ్గాని మాత్రం కాదు. బొరుగులు తేలిక. పుట్నాల పొడిలో మాంసకృత్తులున్నాయి. నిమ్మరసంలోని సి విటమిన్, తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. చిక్కంతా బాణలితో. అదే నూనె మళ్లీ మళ్లీ కాగి నల్లబడితే అందులో చెడు పదార్థాలు పేరుకుంటాయి. వాటి మోతాదు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. బండి దగ్గర కొలిచే యంత్రం మనకెక్కడిది? కళ్లూ ముక్కూ చాలు. నూనె కాఫీ రంగుకు వచ్చినా, చిక్కబడి నురగ కక్కుతున్నా, ఘాటు పొగ లేస్తున్నా ఆ పూటకు ఉగ్గాని మాత్రమే కట్టించుకుని రావడం మంచిది. బండాయన మొగం ఎట్లా పెట్టినా సరే.

వరన్నమే పండగైన రోజులు

మా అవ్వది ఎమ్మిగనూరు. ఆమె చిన్నతనంలో "ఈ పొద్దు మా ఇంట్లో వరి బువ్వ" అంటే వీధిలో చెప్పుకోదగ్గ సంగతి. పండగకో, పెళ్లికో, అల్లుడొస్తేనో తప్ప బియ్యం పొయ్యి ఎక్కేవి కావు. మిగతా దినాలన్నీ జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం. పక్కన పుంటికూర పప్పు, గురెళ్ల పొడి, లేదంటే బుడ్డలు వేయించి దంచిన కారం. అప్పట్లో ఆ తిండిని ఎవరూ ఆరోగ్యకరమైనది అనలేదు. పేదోళ్ల తిండి అన్నారు.

ఈ సీమ నేల అట్లాంటిది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. అందుకే ఇక్కడి భక్షాలు చాలా ఇళ్లలో కన్నడ పేరుతో ఓళిగలు. 1876-78 నాటి మహా కరువు బళ్లారి జిల్లాను పీల్చి పిప్పి చేసింది. 1877లో కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో రాళ్లు కొట్టమన్నారు. అట్లాంటి చోట తరతరాలుగా మిగిలిపోయిన భయం ఒకటే: ఆకలి. పళ్లెంలో కాస్త ఎక్కువ పెట్టడమే ప్రేమ. "ఇంకొంచెం తినప్పా" అనే మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

ఆ తర్వాత రెండు మార్పులొచ్చాయి. తుంగభద్ర దిగువ కాలువ ఈ దిక్కుకు నీళ్లు తెచ్చింది. నీళ్లందిన చోట వరి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. పండగ తిండి రేషన్ కార్డు మీద ఇంటికి నడిచి వచ్చింది. దాన్ని ఇప్పుడు తప్పు పట్టడం సులువే. కానీ ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో కడుపు నింపింది. తెల్లారకముందే లేచి ఉడుకునీళ్లతో పిండి కలిపి, పొయ్యి ముందు కూర్చుని ఇరవై రొట్టెలు తట్టే చాకిరీ నుంచి ఆడవాళ్లకు కొంత ఊపిరి ఇచ్చింది.

అయితే పళ్లెం తిరగబడింది. నూరు గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాముల దాకా ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. నమిలి నమిలి తినే రొట్టె పోయి, గబగబా మింగే అన్నం వచ్చింది. ఒళ్లు చేసే పనేమో తగ్గింది. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధితో ఉన్నారని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున నిలబడి ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. ఐక్యరాజ్యసమితి అదే 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సాయంత్రమైతే మన బజార్లలో రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్ల ముందు ఇప్పుడు స్కూటర్లు ఆగుతాయి. అవ్వ చూసి ఉంటే నవ్వేది. పేదోళ్ల రొట్టెను కొనుక్కుని తింటున్నారు, కలిగినోళ్ల బువ్వ ఇంట్లో మిగిలిపోతోంది!

ఒక హెచ్చరిక. జొన్నరొట్టె మందు కాదు. అదీ పిండి పదార్థమే. "జొన్నదే కదా" అని ఆరు రొట్టెలు తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రొట్టె గొప్పతనం సగం దాని పక్కన ఉండే పప్పులో, కూరలో ఉంది.

పంచాంగం పెట్టిన పథ్యం

పాత రోజుల్లో ఇక్కడ తీపి లేదనుకుంటే పొరపాటు. బోలెడు ఉండేది. ఉగాదికి భక్షాలు. నాగుల పంచమికి నువ్వుల చిమ్మిరి, చలిమిడి. వినాయక చవితికి కుడుములు. దీపావళికి కజ్జికాయలు. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టె, గుమ్మడికాయ కూర. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో బొరుగులు, బెండు బత్తాసులు, మిఠాయి. పీర్ల పండగకు మలీద, రంజాన్‌కు షీర్ ఖుర్మా. ఆ రెండూ ఏ వీధిలో వండినా పక్క వీధిదాకా గిన్నెలు నడిచేవి.

జాబితా చూస్తే ఏడాదంతా తీపే అనిపిస్తుంది. కానీ ప్రతి తీపికీ ఒక తిథి ఉంది. ఆ తిథి దాటితే అది ఇంట్లో దొరకదు. ఫాల్గుణంలో భక్షం కావాలని ఏడ్చినా అవ్వ చేసేది కాదు. "ఉగాది రానీ" అనేది. ఏడుపు ఆగేది, ఎదురుచూపు మొదలయ్యేది.

ఇంకో సంగతి. ఆ తీపి ఒట్టి చక్కెర కాదు. శనగబ్యాళ్లు ఉడకబెడితే పూర్ణం, వార్చిన నీళ్లు చారు. ఒకే ఎసట్లో తీపీ కారమూ రెండూ తేలేవి. చిమ్మిరిలో సగానికి సగం నువ్వులు. ఎముకలకు కావాల్సిన కాల్షియం నువ్వుల్లో దండిగా ఉంటుంది. సజ్జల్లో ఇనుము. చలికాలానికి నూనెగింజ, వానాకాలానికి ఉడకబెట్టిన కుడుము. పంచాంగం రాసినవాళ్లకు కేలరీలు తెలియకపోవచ్చు, కాలం తెలుసు.

తీపికి ఇంకో కాపలా కూడా ఉండేది. అది రోలు. పూర్ణం రుబ్బడానికి, పిండి దంచడానికి సగం దినం పట్టేది. అంత చాకిరీ ఉన్న వంటకం వారానికి రెండుసార్లు కుదరదు. ఆ చాకిరీ ఎవరిదో మరచిపోకూడదు. ఇంటి సమతుల్యాన్ని మోసింది ఆడవాళ్ల రెక్కలే. రోలు మళ్లీ తెచ్చి పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు. తిథిని మాత్రం తెచ్చుకోవచ్చు. దానికి రెక్కలు నొయ్యవు.

మూడో కాపలా పంచుకోవడం. ముప్పై భక్షాలు చేస్తే ఇంట్లో మిగిలేవి పన్నెండు. ఇరుగుపొరుగుకు, చాకలికి, పశువుల కాపరికి, ఊరి నుంచి వచ్చిన చుట్టానికి పోయేవి తక్కినవి. మంత్రాలయం నుంచి ఎవరైనా పరిమళ ప్రసాదం తెస్తే ఇంటిల్లిపాదికీ తలా వేలెడంత ముక్క. ఇంకొంచెం పెట్టమని అడగడానికి పిల్లలకు కూడా నోరు వచ్చేది కాదు. తిన్నది వేలెడంతే అయినా తిన్న తృప్తికి లోటు ఉండేది కాదు.

చక్కెర దాక్కున్న చోటు

ఇప్పుడు ఎవరింట్లోనైనా "ఆరోగ్యంగా తిందాం" అనుకోగానే మొదట వేటు పడేది పండగ మీద. "ఈసారి భక్షాలొద్దులే, నాయనకు షుగరుంది" అంటారు. నిజంగా దోషి భక్షమేనా?

లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర, బెల్లం అన్నీ కలిసి 50 గ్రాములు దాటకూడదు. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలు. ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. ఆదోనిలో టీ లేనిదే మాట సాగదు. దుకాణానికి ఎవరొచ్చినా టీ, బేరం కుదిరినా టీ, కుదరకపోయినా టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలంటే 40 గ్రాములు. మెతుకు ముట్టకముందే మేలైన హద్దు దాటిపోయింది. ఏడాదికొకసారి వచ్చే ఉగాదిని తప్పు పట్టి, ఏడాదికి వెయ్యికి పైగా తాగే టీలను వదిలేస్తున్నాం. పైగా భోజనంతో పాటు తాగే టీ, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. సజ్జరొట్టె తిని వెంటనే టీ తాగితే రొట్టె చేసిన మేలు కొంత టీ పట్టుకుపోతుంది.

పిల్లల సంగతి వేరు. వాళ్ల తీపికి తిథి లేకుండా పోయింది. బడి గేటు ముందు ఐదు రూపాయల ప్యాకెట్ రోజూ పండగ. ఉప్పు, నూనె, రంగు, కాసింత గాలి. పుట్టినరోజు కేకు క్లాసులో నలభై మంది పిల్లలతో నలభై సార్లు వస్తుంది. చుట్టాలు చేతిలో చాక్లెట్ లేకుండా రారు. ఏ ఒక్కటీ పెద్ద తప్పు కాదు. ఏదీ ఆగదు, అదే తప్పు.

చక్కెరకు బదులు బెల్లం వాడితే సరిపోతుందనే నమ్మకం కూడా మన ఇళ్లలో బలంగా ఉంది. బెల్లంలో ఖనిజాలు కాస్త ఎక్కువే. కానీ ఒంట్లోకి పోయాక అదీ చక్కెరే. షుగరున్న మనిషికి బెల్లం టీ ఇచ్చి గుండె మీద చెయ్యి వేసుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు.

సుగ్గికి పోయిన ఇల్లు

ఈ కథనం ఇక్కడితో ఆగితే అది టౌను కథే అవుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల పల్లెల్లో చలికాలం వచ్చేసరికి చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. వానలు మోసం చేసిన ఏడాది మరీ ఎక్కువ. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు దిక్కు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్లో కొందరు అవ్వా తాతల దగ్గర, కొందరు సీజనల్ హాస్టళ్లలో, కొందరు అమ్మా నాయనల వెంట చేల గట్ల మీద.

అక్కడ ఆరోగ్యకరమైన తిండి అనే మాటకు అర్థమే మారిపోతుంది. పట్టల గుడిసెలో మూడు రాళ్ల పొయ్యి, రేషన్ బియ్యం, నీళ్ల పప్పు, కోసిన మిరపకాయలే కారం. కూలీ చేతికందిన నాడు పిల్లోడికి ఐదు రూపాయల ప్యాకెట్ కొనివ్వడమే ఆ తల్లి ఇవ్వగలిగిన మురిపెం. ఆమెకు తిండి మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు. ఆమె చేసే పనికి రోజుకు 2,720 కేలరీలు కావాలి. అంత తిండి ఆమెకు అందుతోందా అన్నదే అసలు ప్రశ్న.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో దాదాపు 36 శాతం మంది ఆడవాళ్లు ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువున్నారు. ఒక ఊళ్లో ఎక్కువ తిని వచ్చిన జబ్బు, పక్క ఊళ్లో తక్కువ తిని వచ్చిన జబ్బు. ఒక్కోసారి రెండూ ఒకే మనిషిలో.

తీపే మందైన సందర్భం కూడా ఇక్కడే కనబడుతుంది. 2020 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో గుడ్డుతో పాటు బుడ్డల చిక్కీ చేరింది. 2023 మార్చి నుంచి రాగి జావ కూడా వచ్చింది. టౌనులో బరువెక్కిన పిల్లోడికి వద్దనే బెల్లం, సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లకు బుడ్డలతో కలిపి చేతిలో పెడితే బలం. కావాల్సిందల్లా ఎవరి ఒంటికి ఏది లోటో చూసి వడ్డించే చెయ్యి.

మళ్లీ తిథులు పెట్టుకుందాం

పాత పంచాంగాన్ని యథాతథంగా తెచ్చుకోలేం. కానీ ప్రతి ఇల్లూ తన పంచాంగం తాను రాసుకోవచ్చు. దానికి డైటీషియన్ అక్కర్లేదు, గోడకున్న క్యాలెండర్ చాలు. ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ. నెలకోసారి బిర్యానీ. పండగ తీపి పండగనాడే, ఇంట్లో చేసిందే, కడుపారా. మిగతా దినాల్లో రాత్రి పూట జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. షుగరున్న నాయనకు ఉగాదినాడు ఒక భక్షం పెట్టి, ఆ పూట అన్నం తగ్గిస్తే సరి. మందులు వాడేవాళ్లు డాక్టరును ఒక మాట అడగాలి. ఇల్లంతా తింటుంటే ఆయనొక్కడే గోడ వైపు తిరిగి కూర్చునే పండగ మాత్రం వద్దు.

నలుగురున్న ఇంటికి నెల లెక్క

చక్కెర, బెల్లం కలిపి: మనిషికి రోజుకు 25 గ్రాములంటే నెలకు 3 కిలోలు. మీ సరుకుల చీటీలో ఐదు కిలోలుంటే తలా 40 గ్రాములు దాటినట్టే.

నూనె: పోషకాహార సంస్థ 2024 సూచనల్లో మనిషికి రోజుకు 27 గ్రాములు. నెలకు మూడుంపావు కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు.

ఉప్పు: మనిషికి రోజుకు 5 గ్రాములు. నెలకు 600 గ్రాములు. ఊరగాయలో, ప్యాకెట్లలో ఉన్నదీ ఇందులోకే వస్తుంది.

ధాన్యం: మనిషికి రోజుకు సుమారు 250 గ్రాములు. అందులో సగం జొన్నలు, కొర్రలు, సజ్జలు, రాగులు అయితే అవ్వ కాలపు పళ్లెం సగం తిరిగొచ్చినట్టే.

కూరగాయలు: మనిషికి రోజుకు 400 గ్రాములు. మన ఇళ్లలో అన్నిటికన్నా వెనకబడింది ఇదే.

మా ఇంట్లో ఈ తిథుల పద్ధతి పెట్టి ఏడాది దాటింది. మొదట్లో మా చిన్నోడు రోజూ కొట్లాడేవాడు. మొన్న బుధవారం బడి నుంచి వస్తూ బజ్జీల బండి ముందు ఆగాడు. బాణలి వంక చూశాడు, వాళ్లమ్మ వంక చూశాడు. ఆమె ఏమీ అనలేదు. వాడే వేళ్లు మడుస్తూ "బేస్తవారం, శుక్రవారం, శనివారం" అని లెక్కపెట్టి, నాలుగో వేలు మడవకుండా పైకెత్తి పట్టుకుని ఇంటిదాకా అట్లాగే నడిచాడు.